చెయ్యి ఆగింది, షాపు ఊగింది

జూన్ 9, సోమవారం

ఈ డైరీ నా కోసం. అమ్మా, ఒకవేళ నువ్వు చదువుతున్నట్టయితే ఇక్కడితో మూసెయ్, వారం రోజులు కప్పులన్నీ నేనే కడుగుతాను.

ఇవాళ మా సినిమా కోర్సులో చివరి ప్రాజెక్టు ఇచ్చారు. మాకు ఎడిటింగ్ చెప్పే ఆయన్ని అందరం కట్ మాస్టారు అంటాం. ఆయన ఫోన్ పెట్టేసేటప్పుడు కూడా "ఉంటాను" అనరు, "కట్" అంటారు. బోర్డు మీద పెద్దగా 3 అని రాసి ఇటు తిరిగారు. "ఒక మనిషి. ఒక పని. ఆ పని చప్పుడు. మాటలొద్దు, పాటలొద్దు. మూడు నిమిషాలు. మూడు నిమిషాల ఒక సెకను తెచ్చినవాళ్ళు ఆ సెకన్ని తిరిగి ఇంటికి తీసుకెళ్ళొచ్చు."

జూలై 14న అందరి సినిమాలూ వేస్తారు. ఎడిటింగ్ స్టూడియో నడిపే ఒక మేడమ్ వచ్చి చూసి, మా పదకొండు మందిలో ఒకర్ని అసిస్టెంటుగా తీసుకుంటారట.

ఆ ఒకరు నేనే కావాలి. డిగ్రీ మధ్యలో వదిలేసి ఎనిమిది నెలలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నప్పుడు బంధువులంతా తలా ఒక సలహా ఇచ్చారు. నాన్న ఒక్కడే, "దానికి ఏది చేతకాదో తెలిసింది. ఏది చేతనవునో తెలియడానికి ఇంకొంచెం టైమివ్వండి" అన్నాడు. గడియారాలు బాగుచేసేవాడు కాబట్టి ఆయన దగ్గర టైముకేం కొదవ లేదనుకుంటా.

సినిమా నాన్న మీదే. ఇందులో ఆలోచించడానికేముంది?

జూన్ 11, బుధవారం

నాన్న ఒప్పుకోలేదు.

"నన్నెందుకే? ఆ బేకరీవాణ్ణి తియ్యి. పొయ్యి, మంట, పొగ. చూడ్డానికి బాగుంటుంది."

"నాకు గడియారాలే కావాలి."

"అయితే గడియారాల్ని తియ్యి."

అరగంట బతిమాలాను, పది నిమిషాలు అలిగాను. చివరికి దిగొచ్చాడు, కానీ ఒక షరతు పెట్టాడు. మొహం తీసుకోవచ్చు, చేతులు తియ్యకూడదట. లోకంలో అందరూ కెమెరాకి మొహం దాచుకుంటారు, మా నాన్న చేతులు దాచుకుంటాడు! నూనె మరకల గోళ్ళు కనిపిస్తాయని సిగ్గు కాబోలు. "పనిచేసే మనిషి సినిమాలో చేతులు లేకపోతే, పాటకచేరీలో నోరు లేనట్టుంటుంది నాన్నా" అన్నాను. నవ్వాడు. అమ్మ నవ్వలేదు. గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది.

జూన్ 14, శనివారం

మొదటి రోజు షూటింగ్. సాయానికి నా క్లాసువాడు డ్రోన్ వచ్చాడు. ఏది చూసినా "దీన్ని పైనుంచి డ్రోన్‌తో తీస్తే అదిరిపోద్ది" అంటాడు కాబట్టి ఆ పేరు. ఏడడుగుల వెడల్పున్న షాపులో కూడా అదే మాటన్నాడు. అన్నాక తలెత్తి పైన ఫ్యాన్ చూసుకున్నాడు.

ముందు షాపు మొత్తం కనిపించేలా దూరం షాట్ తీశాను, తర్వాత నాన్న నడుము దాకా, తర్వాత మొహం. గోడ మీద ముప్ఫై ఒక్క గడియారాలు. ముప్ఫై ఒక్కటీ ముప్ఫై ఒక్క టైములు చూపిస్తాయి. వాటిలో బల్ల వెనక గుండ్రటిది ఒక్కటే నిజం చెబుతుంది. నాన్న భూతద్దం కంటికి బిగించుకుని మెడ వంచాడంటే, ఎన్నాళ్ళుగా చూస్తున్నా, ఇంకెవరో పెద్ద మనిషిలా కనిపిస్తాడు నాకు.

తర్వాత, షరతు సంగతి మరిచిపోయినట్టు నటించి, కెమెరా కిందికి దించి చేతులు తీశాను. చిమటాతో చిన్న స్క్రూ పట్టుకుని బిగిస్తున్నాడు. చూశాడు. మళ్ళీ స్క్రూ మీదికి వంగాడు.

ఇంటికొచ్చి చూస్తే దగ్గరి షాట్లన్నీ వణుకుతున్నాయి. స్టాండుకి ఒక కాలు వదులు. క్లాసులో ఇచ్చే సామానంతా ఇంతే.

జూన్ 15, ఆదివారం

సెలవైనా షాపు తెరిపించి, వేరే స్టాండు తెచ్చి మళ్ళీ తీశాను. ఇదీ వణుకుతోంది. షాపు ముందు బస్సులు తిరగడం వల్ల అయ్యుంటుంది.

జూన్ 17, మంగళవారం

పరువు పోయింది. ఇప్పటిదాకా అతికించింది క్లాసులో వేసి చూపించాను. నాన్న స్క్రూ అందుకుంటాడు, కట్, స్క్రూ బిగిస్తాడు. నాకైతే చాలా నున్నగా అతికినట్టనిపించింది. కట్ మాస్టారు తాపీగా అడిగారు.

"అమ్మాయ్, మీ నాన్నగారికి ఒక స్క్రూ బిగించడానికి యాభై నిమిషాలు పడుతుందా?"

క్లాసంతా గొల్లుమంది. వెనక గుండ్రటి గడియారం మొదటి షాట్‌లో పదీ పది, రెండో షాట్‌లో పదకొండు. గడియారాల షాపులో సినిమా తీస్తూ గడియారం చూసుకోలేదు. ఇంతకంటే పప్పులో కాలెయ్యడం ఉంటుందా!

"రెండు షాట్ల మధ్య కాలాన్ని మనం దాచేస్తాం. అదే ఎడిటింగ్. కానీ దాచినట్టు తెలియకూడదు" అన్నారు మాస్టారు.

ఇంటికొచ్చి మధ్యలో పడేసిన క్లిప్పులన్నీ మళ్ళీ చూశాను. స్క్రూ నిజంగా యాభై నిమిషాలే పట్టింది. మధ్యలో కస్టమర్లు వచ్చారు, అందుకు. ఇద్దరు వచ్చారు. కాదు, ఒకాయన.

జూన్ 19, గురువారం

శబ్దం పాఠం. ఏ గదిలో షూట్ చేసినా, ఎవరూ ఏమీ చెయ్యకుండా, ముప్ఫై సెకన్లు ఆ గది మౌనాన్ని రికార్డు చేసుకోవాలి. అతుకుల దగ్గర కింద పరుచుకోవడానికి. మా షాపులో మౌనం లేదు, టిక్కుటిక్కు ఉంది. ఎక్కడ కోసినా ఆ టిక్కు తప్పిపోయి చెవికి తగులుతోంది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కెమెరాతోనే రికార్డు చేస్తూంటే, నాన్న రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చున్నాడు. కదలొద్దన్నాను కదా, అందుకని.

జూన్ 20, శుక్రవారం

అమ్మ ఈ మధ్య పిసినారి అయిపోయింది. నాన్నకి సగం కప్పు టీయే పోస్తోంది. ఇంకో సగం కావాలంటే మళ్ళీ పోస్తుంది గానీ నిండుగా పొయ్యదు. "ఒకేసారి పోస్తే చల్లారిపోతుంది" అంది. ఇరవై ఏళ్ళుగా చల్లారని టీ ఇప్పుడే చల్లారుతోంది.

జూన్ 23, సోమవారం

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

వణికే వీడియోని నిలబెట్టే పద్ధతి నేర్పారు. కదలకుండా ఉండాల్సిన దాని మీద ఒక చుక్క పెట్టాలి. ఆ చుక్క ఎంత జరిగితే కంప్యూటర్ బొమ్మ మొత్తాన్ని అంత వెనక్కి జరుపుతుంది. నేను దగ్గరి షాట్ తీసుకుని, నాకు కావలసింది చెయ్యే కాబట్టి, చుక్కని తిన్నగా నాన్న చిమటా కొస మీద పెట్టేశాను. బటన్ నొక్కాను.

చెయ్యి ఆగింది. రాయిలా ఆగింది. షాపు ఊగింది.

బల్ల, గోడ, ముప్ఫై ఒక్క గడియారాలు, అన్నీ నాన్న చెయ్యి చుట్టూ గిలగిలా కొట్టుకుంటున్నాయి. డ్రోన్ పక్కనుంచి "అరే, భూకంపం!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నిజంగానే చాలాసేపు నవ్వాను.

కట్ మాస్టారు నా వెనక నిలబడ్డారు. ఆయన నవ్వలేదు. "చుక్క తప్పు చోట పెట్టావు. ఫ్రేములో కదలనిదేదో దాని మీద పెట్టాలి. బల్ల అంచు మీద పెట్టి చూడు" అన్నారు.

పెట్టాను. చుక్క ఎంత కదిలిందో చూపించే గీత ఒకటి కింద వస్తుంది. స్టాండు వణికితే ఆ గీత కూడా పళ్ళు పళ్ళుగా రావాలి. గీత తిన్నగా ఉంది. మొదటి రోజు క్లిప్పు చూశాను, తిన్నగా ఉంది. రెండో రోజుదీ తిన్నగా ఉంది. స్టాండు బాగానే ఉంది. రెండు స్టాండ్లూ బాగానే ఉన్నాయి. బస్సుల తప్పేమీ లేదు.

మాస్టారు మెల్లగా, "ఇవాళ్టికి చాలు, ఇంటికెళ్ళమ్మా" అన్నారు. కట్ అనలేదు.

జూన్ 24, మంగళవారం

టీ ఎక్కువ తాగుతాడు. నిద్ర తక్కువ. అంతే అయ్యుంటుంది.

జూన్ 25, బుధవారం

బుర్ర పెట్టి ఆలోచించాను. ఇది సినిమా. సినిమాలో ఒకరి మొహానికి ఇంకొకరి చేతులు అతికించడం మామూలు విషయం. మాస్టారే చెప్పారు, పియానో వాయించే హీరోలెవరూ పియానో వాయించరని. నాన్న మొహం ఉంది, నాన్న మెడ వంపు ఉంది, నాన్న షాపు చప్పుడు ఉంది. చేతులొక్కటే ఇంకెవరివైనా కావాలి. నాన్నని ఎవరూ వేలెత్తి చూపకుండా కాపాడుతున్నాను. నా సినిమా కూడా బాగుంటుంది. రెండూ ఒకటే.

స్క్రూ బిగించే చేతులు ఈ వీధిలో ఇంకొక్కరికే ఉన్నాయి, ఎదురు షాపు బాబాయికి. ఆయనా నాన్నా ఒకే గురువుగారి దగ్గర పని నేర్చుకున్నారు. గురువుగారు షాపు మూసేసినప్పుడు ఆయన బల్ల ఎవరికి దక్కాలనే దాని మీద మాటా మాటా పెరిగింది. బల్ల నాన్నకొచ్చింది, మాటలు పోయాయి. ఎనిమిదేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నేను మాత్రం చాటుగా బాబాయ్ అనే పిలుస్తాను.

నాన్నకి తెలిస్తే చంపేస్తాడు. తెలియదు.

జూన్ 27, శుక్రవారం

షూటింగ్ రోజు నాన్న వేసుకున్న గళ్ళ చొక్కా ఉదయమే బ్యాగులో పెట్టుకున్నాను, బాబాయికి తొడిగించడానికి. మడత పెడుతూంటే బొత్తాలు వింతగా అనిపించాయి. పైకి మామూలు బొత్తాలే. కానీ కాజాలు కుట్టేసి ఉన్నాయి. బొత్తాలు ఊరికే పైన అతికించినవి. లోపల టిచ్ బటన్లు, నొక్కితే అతుక్కునేవి. చిన్న చిన్న కుట్లు, బయటికి ఒక్క దారప్పోగు కనపడకుండా. అమ్మ కుట్టు. బీరువాలో ఉన్న ఆయన చొక్కాలు ఆరూ చూశాను. ఆరూ అంతే.

చొక్కా పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. తర్వాత బ్యాగులో పెట్టుకుని బయల్దేరాను.

నాన్న బ్యాటరీలు తేవడానికి వెళ్ళే టైము చూసుకుని బాబాయి షాపులోకి దూరాను. "మీ చేతులు కాసేపు కావాలి బాబాయ్" అన్నాను. ఆయన చొక్కా వైపు చూశాడు, నా వైపు చూశాడు, తొడుక్కున్నాడు. నేను స్టాండు వేసి, కెమెరా కిందికి దించి, బల్ల మీదికి ఫోకస్ చేశాను. అప్పుడు కనిపించింది.

ఆయన ట్రేలో ఎనిమిది గడియారాలున్నాయి. ప్రతిదానికీ తెల్ల దారంతో ఒక చీటీ. పాత క్యాలెండర్ అట్టలోంచి కత్తిరించిన చీటీ, ఊదారంగు సిరా, ఏడుకి నడుం మీద అడ్డగీత. అట్టలు చిన్నప్పుడు నేనే కత్తిరించి ఇచ్చేదాన్ని. అంకెలు మాత్రం చలికి వణికినట్టున్నాయి.

"ఇవి నాన్న చీటీలు."

బాబాయి కంటి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "మీ అమ్మ చెప్పలేదా?"

"అమ్మా?"

"రోజూ పదకొండింటికి బజారులో దారం కొనే వంకన ఇటు వస్తుంది. సన్న పని ఉన్నవి ఇచ్చి, అయినవి పట్టుకెళ్తుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయినేడు వానలప్పటి నుంచి."

స్టూలు మీద కూర్చున్నాను. "మీరిద్దరూ మాట్లాడుకోరు కదా!"

"మాటలెందుకమ్మా, పని ఉందిగా" అని సొరుగు లాగాడు. సొరుగు నిండా చీటీలు. వెనకవైపు నాన్న రాత. 'రెండో స్క్రూ వదులు, మళ్ళీ చూడు.' 'నూనె ఎక్కువేశావు, గడియారమా, పొయ్యి మీద బాణలా?' 'గురువుగారు నీకు ఇదేనా నేర్పింది?' బాబాయి వాటిని దొంతరగా సర్దుతూ, "ఎనిమిదేళ్ళలో తిట్టనివన్నీ ఈ ఏడాదిలో తిట్టేశాడు మీ నాన్న" అన్నాడు. బంగారం చూపించేవాడిలా చూపించాడు ఆ తిట్లు.

ఇంటికి పరిగెత్తి వెళ్ళాల్సింది. నాన్న చెయ్యి పట్టుకోవాల్సింది. కానీ నేనేం చేశానో దాచకుండా రాస్తాను, ఇది నా డైరీయే కదా. కెమెరా ఆన్ చేసి ఆయన చేతులు తీశాను. అంతా తెలిశాక కూడా తీశాను. చక్కటి వెలుతురు, కదలని చేతులు, ఆరు షాట్లు.

జూన్ 28, శనివారం

నాన్నతో మామూలుగానే ఉన్నాను. చాలా బాగా నటిస్తున్నాను. ఇంటిల్లిపాదీ నటులమే.

జూలై 2, బుధవారం

సినిమా అయిపోయింది. సరిగ్గా మూడు నిమిషాలు. అతుకు ఎక్కడుందో నాకే కనిపించడం లేదు. గుండ్రటి గడియారం కూడా వరసలో ఉంది. క్లాసులో వేస్తే డ్రోన్ లేచి చప్పట్లు కొట్టాడు. "మనలో ఎవరెళ్తారో తేలిపోయింది" అన్నారు మిగతావాళ్ళు.

కట్ మాస్టారు ఒక్కరే కాసేపు తెర వైపు చూస్తూ ఉండిపోయారు. "చాలా నేర్చుకున్నావు" అన్నారు. మెచ్చుకున్నట్టే ఉంది. మెచ్చుకున్నట్టే ఉందా?

జూలై 5, శనివారం

నాన్న, "మాకు చూపించవా మరి?" అని అడిగాడు. భోజనాలయ్యాక వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టాను. నాన్న కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడింది.

షాపు షట్టర్ లేచింది. నాన్న తన మొహం చూసుకుని మురిసిపోయాడు. "జుట్టు ఇంత తెల్లబడిందా!" అన్నాడు. మెడ వంచాడు, భూతద్దం, కట్, చేతులు. చిమటా స్క్రూని పట్టుకుంది, పెట్టింది, స్క్రూడ్రైవర్ బిగించింది.

"ఆపు" అన్నాడు నాన్న. "వెనక్కి తిప్పు."

తిప్పాను. మళ్ళీ చూశాడు.

"చిటికెన వేలు బల్లకి ఆనించాడు, చూశావా? గురువుగారు దానికి ఎన్ని మొట్టికాయలు వేశారో వాడికి. వేలు ఆనిస్తే చెయ్యి బద్ధకిస్తుందనేవారు." నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో. కోపమైనా ఉంటే బాగుండేది.

"నువ్వూ వాడి దగ్గరికే వెళ్ళావా తల్లీ?"

నాకు ఏడుపొచ్చేసింది. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తూనే అరిచాను. "నువ్వు దాచావు! అమ్మ బొత్తాలు కుట్టి దాచింది! టీలో కూడా దాచింది!"

"నువ్వూ దాచావుగా. మా అందరికంటే నున్నగా" అన్నాడు నాన్న. "చూసినవాళ్ళెవరికీ తెలియదే. నిజం, చాలా బాగుంది. నా మొహం ఉంది, నా చొక్కా ఉంది. కానీ ఏ పని చేసి నిన్ను పెంచానో, ఆ పని మాత్రం వాడు చేస్తున్నాడు."

"డాక్టరు దగ్గరికి ఎందుకెళ్ళలేదు నాన్నా?"

"వెళ్తే దానికో పేరు పెడతాడు. పేరు లేనంత వరకూ టీ ఎక్కువైంది, నిద్ర తక్కువైంది అనుకుంటూ ఉండొచ్చు." నా డైరీ చదివినట్టే చెప్పాడు. "చెయ్యి వణికేవాడికి గడియారం ఎవరిస్తారే?"

అమ్మ గుమ్మంలోంచి కదిలి వచ్చి నాన్న పక్కన కూర్చుంది. "రోజూ చెబుతూనే ఉన్నాను. నా మాట ఏనాడు విన్నారు గనక" అంది, అంటూ ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యి అక్కడ కూడా వణుకుతూనే ఉంది. ముగ్గురం దాన్నే చూశాం. అలా మొహం తిప్పుకోకుండా చూడటం ఇదే మొదటిసారి.

తర్వాత నాన్న లేచాడు. "రేపు ఆదివారం. షాపు మూసే ఉంటుంది. నీ కెమెరా పెట్టె పట్టుకురా. మళ్ళీ తీద్దాం."

జూలై 6, ఆదివారం

ఒకటే షాట్ తీశాను. ఫ్రేములో నాన్న చేతులు, బల్ల అంచు, వెనక గుండ్రటి గడియారం. అమ్మ మా వెనక ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. "నేను ఆపమనే దాకా ఆపకు" అన్నాడు నాన్న.

స్క్రూ మొదటిసారి చిమటాలోంచి జారి బల్ల మీద పడింది. రెండోసారి రంధ్రం దాకా వెళ్ళి పక్కకి ఒరిగింది. మూడోసారి ఎగిరి ఎక్కడో పడితే తలుపు వైపు నుంచి ఎవరో వంగి తీసి బల్ల మీద పెట్టారు. ఎదురు బాబాయి. ఆదివారం కూడా షట్టర్ లేచి ఉందేమిటా అని చూడ్డానికి వచ్చుంటాడు. గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టలేదు. నాన్న తలెత్తలేదు.

నాలుగోసారి కూడా పడింది. నాకు "చాలు నాన్నా" అనాలనిపించింది. నా చెయ్యి కెమెరా మీదికి వెళ్ళింది కూడా. నాన్న ఒక్క క్షణం ఆగాడు. చిటికెన వేలు మెల్లగా చాపి బల్లకి ఆనించాడు.

చెయ్యి పూర్తిగా ఆగలేదు. కానీ కొంచెం నెమ్మదించింది. స్క్రూ వెళ్ళింది, కూర్చుంది, బిగిసింది. గడియారం తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అప్పుడు, తల దించుకునే, గుమ్మం వైపు అన్నాడు.

"చిటికెన వేలు పనికొస్తుందిరా. గురువుగారు ఊరికే కొట్టారు నిన్ను."

బాబాయి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటి మాట. నా మైకులో పడింది.

మొత్తం మూడు నిమిషాల నలభై రెండు సెకన్లు.

జూలై 9, బుధవారం

నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఎప్పటి నుంచి అని అడిగితే నాన్న నసిగాడు, అమ్మ నేల చూసింది. నేను ఫోన్‌లో క్లిప్పులు తీసిచ్చాను. జూన్ 14, జూన్ 15, జూన్ 19, జూలై 6. పనిచేసేటప్పుడు ఎలా ఉంది, గది మౌనం రికార్డు చేస్తున్నప్పుడు ఒళ్ళో ఎలా ఉంది, అన్నీ ఉన్నాయి. డాక్టరు రెండుసార్లు చూసి, "ఇలా ఎవరూ తీసుకురారు" అన్నారు. దానికి ఒక పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. మందులున్నాయట. పూర్తిగా పోతుందని చెప్పలేనుగానీ అదుపులో ఉంటుందన్నారు. సన్న పని ఎంతకాలమో చూద్దామన్నారు.

బయటికొచ్చాక నాన్న, "పేరు అనుకున్నంత భయంగా లేదే" అన్నాడు. అబద్ధం. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

జూలై 12, శనివారం

కొయ్యడానికి కూర్చున్నాను. ఇంతకంటే తేలికైన కోత ఉండదు. రెండో ప్రయత్నం, మూడో ప్రయత్నం తీసేస్తే సరిగ్గా మూడు నిమిషాలకి వచ్చేస్తుంది. చివర ఆ మాట తీసేస్తే మాటలొద్దన్న నియమం కూడా నిలబడుతుంది. ఎక్కడ కొయ్యాలో చూపుడువేలికి తెలుసు. లేదా మొన్నటి సినిమాయే ఇచ్చెయ్యొచ్చు. అది సిద్ధంగా ఉంది, అది గెలుస్తుంది. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో ఈ డైరీ మొదటి పేజీలోనే రాసుకున్నాను. ఇప్పటికీ అంతే కావాలి.

నాలుగుసార్లు పడింది. నాలుగూ ఉంచాను.

జూలై 14, సోమవారం

నాది తొమ్మిదోది. అమ్మా నాన్నా వెనక వరసలో కూర్చున్నారు. బాబాయి షాపు మూసి మరీ వచ్చి, వాళ్ళకి ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు.

మూడో నిమిషం దాటగానే కట్ మాస్టారు చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. తెర మీద నాన్న చిటికెన వేలు అప్పుడే బల్లకి ఆనుతోంది. మాస్టారు చెయ్యి తీసేసుకున్నారు. స్క్రూ బిగిసినప్పుడు గదిలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. డ్రోన్ అనుకుంటా.

స్టూడియో మేడమ్ ఒక్కటే అడిగారు. "ఎక్కడ కట్ చెయ్యాలో తెలియక వదిలేశావా, తెలిసే వదిలేశావా?"

"తెలిసే మేడమ్."

ఆవిడ ఏదో రాసుకున్నారు. ఉద్యోగం డ్రోన్‌కి వచ్చింది. నేల మీద నిలబడి ఒక మంగలిని తీశాడు వాడు, సరిగ్గా మూడు నిమిషాలు. బాగా తీశాడు వెధవ. కడుపు మండింది. మండుతూనే చప్పట్లు కొట్టాను. ఇప్పటికీ కొంచెం మండుతూనే ఉంది.

వెళ్ళేటప్పుడు కట్ మాస్టారు పిలిచారు. "నలభై రెండు సెకన్లు ఎక్కువ తెచ్చావు. మొదటి రోజే చెప్పానుగా, ఎక్కువ తెచ్చినవి ఇంటికి తీసుకెళ్ళాలని." నా తల మీద చెయ్యి పెట్టారు. "తీసుకెళ్ళు."

జూలై 15, మంగళవారం

నాన్న చొక్కా బొత్తాలు నేను పెట్టాను. టిచ్ బటన్లు కాదు, అసలు బొత్తాలు. రాత్రే అమ్మ కాజాలకి వేసిన కుట్లన్నీ విప్పేసి, బొత్తాలు మళ్ళీ వాటి చోట కుట్టింది. "తొందరేం లేదు" అన్నాడు నాన్న, గడ్డం పైకెత్తి నిలబడి.

తర్వాత అమ్మ టీ తెచ్చింది. నాన్న కప్పు అంచు దాకా నింపింది. నాన్న దాని వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, చిటికెన వేలు బల్లకి ఆనించి చెయ్యి కుదురు చేసుకుని, అప్పుడు రెండు చేతులతో కప్పు ఎత్తాడు. కొంచెం బల్ల మీద ఒలికింది, కొంచెం చొక్కా మీద పడింది. ఎవ్వరం లేవలేదు, గుడ్డ కోసం వెతకలేదు. ఆయన నెమ్మదిగా మొత్తం తాగేదాకా కూర్చున్నాం.